ఫెర్రీలో వెళ్లాల్సిన దీవికి ఏ ఎయిర్‌పోర్టులో దిగాలి?

"ఆ దీవికి ఎయిర్‌పోర్టు లేదట. మరి ఫ్లైట్ ఎక్కడికి బుక్ చేయాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. దీవి పేరు మారుతుంది కానీ ప్రశ్న మారదు. సగం మంది అప్పటికే ఫోన్‌లో మ్యాప్ తెరిచి, దీవికి దగ్గరగా కనబడిన విమానం గుర్తు మీద వేలు పెట్టి "ఇదే కదా?" అంటారు. ఒక్కోసారి అదే అవుతుంది. చాలాసార్లు కాదు.

మ్యాప్ మీకు దూరం చూపిస్తుంది. ఆఖరి పడవ ఎన్నింటికో చూపించదు. ఈ తేడా నాకు ఒక రేవులో నిలబడ్డాక తెలిసొచ్చింది. చవగ్గా దొరికిందని మధ్యాహ్నం ఫ్లైట్‌లో దిగి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని రేవు చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. టికెట్ కౌంటర్‌లో కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. వెనక బోర్డు మీద ఆ రోజు పడవల టైములన్నీ సుద్దముక్కతో కొట్టేసి ఉన్నాయి. ఎదురుగా నీళ్లకు అవతల దీవి కనబడుతూనే ఉంది, ఒక్కో లైటూ వెలుగుతోంది. వెళ్లే దారి మాత్రం మర్నాడు పొద్దున్న ఏడింటికి. ఫ్లైట్‌లో మిగిలిందనుకున్న డబ్బు ఆ రాత్రి హోటల్‌కీ, దీవిలో ముందే కట్టేసిన గది అద్దెకీ పోయింది.

అప్పటినుంచి నేను వరస తిప్పేశాను. ముందు పడవ, తర్వాత రేవు, ఆ తర్వాతే ఎయిర్‌పోర్టు. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- దీవిలో మీరు దిగబోయే హోటల్ లేదా ఇంటి కచ్చితమైన చోటు. ఊరి పేరు చాలదు, మ్యాప్‌లో పిన్ కావాలి.
- మీరు వెళ్లే నెలకు, వెళ్లే వారానికి వర్తించే ఫెర్రీ టైమ్‌టేబుల్. పడవ నడిపే సంస్థ సొంత సైటులోది అయితే మంచిది.
- ఒక మ్యాప్ యాప్. అందులో బయలుదేరే టైము మార్చి ప్రయాణ సమయం చూసే వీలుండాలి.
- ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో నాలుగు ట్యాబ్‌ల మధ్య తిరుగుతూ ఈ లెక్క వేస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది.

ఫ్లైట్ సైటు ఇప్పుడే తెరవకండి. రేట్లు కంటపడ్డాక మనసు చవకదాని వైపు లాగుతుంది, తర్వాత వేసే లెక్కలన్నీ దాన్ని సమర్థించుకోవడానికే సరిపోతాయి.

1. దీవిలో ఏ రేవులో దిగాలో తేల్చుకోండి

చిన్న దీవికి ఒకే రేవు ఉంటే ఈ మెట్టు ఒక్క నిమిషంలో అయిపోతుంది. కొంచెం పెద్ద దీవి అయితే మాత్రం జాగ్రత్త. క్రొయేషియాలో హ్వార్ దీవి చూడండి. స్ప్లిట్ నుంచి మనుషుల్ని మాత్రమే ఎక్కించుకునే కాటమరాన్‌లు (జంట అడుగులున్న వేగపు పడవలు) హ్వార్ ఊరికి వెళ్తాయి. కార్లను కూడా ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ స్టారి గ్రాడ్‌కు వెళ్తుంది. రెండూ అదే దీవి, మధ్యలో దాదాపు 20 కిలోమీటర్లు. "హ్వార్ ఫెర్రీ" అని వెతికి, దొరికిన మొదటి టికెట్ కొనేసి, రాత్రిపూట స్టారి గ్రాడ్‌లో బస్సు కోసం చూసేవాళ్లు ఉంటారు.

మీ హోటల్‌కు దగ్గరి రేవు పేరు కాగితం మీద పైన రాసుకోండి. హోటల్‌వాళ్లకు "మేము ఏ రేవులో దిగాలి, ఆఖరి పడవకు వస్తే అక్కడి నుంచి మీ దగ్గరికి బండి దొరుకుతుందా" అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఏ సైటులోనూ దొరకని సమాధానం వాళ్ల దగ్గర దొరుకుతుంది.

2. ఆ రేవుకు పడవలు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో అన్నీ రాయండి

పడవ మెయిన్‌ల్యాండ్ నుంచే వస్తుందని ఏమీ లేదు. పక్క దీవికి ఎయిర్‌పోర్టు ఉంటే అదే అసలు దారి కావచ్చు. గ్రీస్‌లో స్కోపెలోస్‌కు ఎయిర్‌పోర్టు లేదు, పక్కనే ఉన్న స్కియాథోస్‌కు ఉంది. స్పెయిన్‌లో ఫోర్మెంతెరాకు ఇబిజాలో దిగి అరగంట పడవ ప్రయాణం. థాయ్‌లాండ్‌లో కో టావ్‌కు మూడు దారులున్నాయి: కో సముయి దీవిలో దిగి అక్కడి నుంచి పడవ, మెయిన్‌ల్యాండ్‌లో చుంఫోన్, మెయిన్‌ల్యాండ్‌లోనే ఇంకా దక్షిణాన సూరత్ థాని.

ఇక్కడ ఏదీ కొట్టేయకండి. ఎంత వింతగా అనిపించినా రాయండి, ఏరివేత తర్వాత.

3. ఒక్కో రేవుకూ ఎదురుగా దాని ఎయిర్‌పోర్టులు రాయండి

ఇప్పుడు మ్యాప్ తెరవండి. కానీ దీవి నుంచి ఎయిర్‌పోర్టుకు కాదు, రేవు నుంచి ఎయిర్‌పోర్టుకు రోడ్డు దూరం చూడండి. గీత గీసి చూసే దూరం ఇక్కడ పనికిరాదు.

దీన్ని నేర్పడానికి స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిని మించిన ఉదాహరణ నాకు తెలియదు. లా గొమేరా దీవికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది టెనెరిఫేలో దిగి పడవ ఎక్కుతారు. టెనెరిఫేలో రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నాయి, ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. పడవ దొరికే లోస్ క్రిస్టియానోస్ రేవు దక్షిణాన ఉంది. దక్షిణ ఎయిర్‌పోర్టు నుంచి కారులో ఇరవై నిమిషాలలోపే. ఉత్తర ఎయిర్‌పోర్టులో దిగితే దీవి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాలి. రెండింటి పేరులోనూ "టెనెరిఫే" ఉంటుంది, కోడ్ మాత్రం వేరు: దక్షిణానిది టీఎఫ్ఎస్, ఉత్తరానిది టీఎఫ్ఎన్. బుక్ చేసేటప్పుడు ఊరి పేరు కాకుండా ఈ మూడక్షరాల కోడ్ చూడటం అలవాటు చేసుకోండి.

దీనికి తిరగేసిన సమస్య ఏథెన్స్‌లో ఉంటుంది. ఎయిర్‌పోర్టు ఒకటే, రేవులు మూడు: పిరేయస్, రఫీనా, లావ్రియో. అందరికీ తెలిసిన పేరు పిరేయస్ కాబట్టి అందరూ అక్కడికే పరిగెడతారు. అది నగరానికి అవతలి వైపు ఉంది. 2022 నుంచి మెట్రో నేరుగా వెళ్తున్నా దగ్గర దగ్గర గంట పడుతుంది. మీరు వెళ్లేది ఆండ్రోస్, టినోస్ లేదా మికోనోస్ దీవికి అయితే పడవలు రఫీనా నుంచి ఉంటాయి, ఎయిర్‌పోర్టు నుంచి అది ఎంతో దగ్గర. ఎయిర్‌పోర్టు మార్చకుండా రేవు మార్చితే చాలు, పని తేలికవుతుంది.

హెచ్చరిక: మధ్యలో దేశ సరిహద్దు ఉందేమో చూడండి. మలేషియాలోని తియోమాన్ దీవికి సింగపూర్ ఎయిర్‌పోర్టు మ్యాప్‌లో బాగానే కనబడుతుంది, ఫ్లైట్లు కూడా ఎక్కువ. కానీ తియోమాన్ పడవ దొరికే మెర్సింగ్ రేవుకు వెళ్లాలంటే సింగపూర్‌లో ప్రవేశించి, మళ్లీ సరిహద్దు దాటి మలేషియాలో ప్రవేశించాలి. రెండు దేశాల నిబంధనలు, రెండు లైన్లు. సెలవు రోజుల్లో ఆ సరిహద్దు దగ్గర ఎంతసేపు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

4. పడవ నుంచి వెనక్కి లెక్క వేయండి

మొత్తం గైడ్‌లో ఈ ఒక్క మెట్టు మీద మీరు అరగంట పెట్టినా పెట్టిన టైముకు న్యాయం జరుగుతుంది.

ఒక్కో రేవుకూ ఆ రోజు ఆఖరి పడవ టైము రాసుకోండి. రాసి దాన్ని పక్కన పెట్టండి. మీ ప్లాన్ దానికి ముందు పడవ మీద వేయాలి. ఆఖరిది మీ ప్రాణాన్ని కాపాడే తాడు. మొదటే దాన్ని పట్టుకుంటే తర్వాత పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇలా చేయండి. ఆఖరి పడవ 4:30కి, దాని ముందుది 3:00కి ఉందనుకుందాం.

- 3:00 పడవకు రేవులో 45 నిమిషాల ముందు ఉండాలి. అంటే 2:15. ముందే రమ్మని సంస్థ చెబితే వాళ్ల మాటే లెక్క.
- ఎయిర్‌పోర్టు నుంచి రేవుకు రోడ్డు మీద గంట. దానికి మూడో వంతు కలపండి, గంటా ఇరవై నిమిషాలు. అంటే ఎయిర్‌పోర్టు నుంచి 12:55కి కదలాలి.
- విదేశీ ఫ్లైట్ అయితే దిగిన దగ్గర్నుంచి ఇమిగ్రేషన్, లగేజీ, బయట బండి పట్టుకోవడం కలిపి గంటన్నర. అదే దేశంలోని ఫ్లైట్ అయితే ముప్పావుగంట. విదేశీ ఫ్లైట్ అనుకుంటే 11:25కల్లా నేల మీద దిగాలి.

అంటే పదకొండున్నర తర్వాత దిగే ఫ్లైట్ ఎంత చవకైనా ఆ దారికి పనికిరాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు దిగేది మరీ మోసం చేస్తుంది. "4:30 దాకా టైముంది కదా" అనిపిస్తుంది. ఇదే లెక్క ముందుకు వేసి చూడండి: బయటికి రావడానికి 2:30, రేవు 3:50, అక్కడ ముప్పావుగంట ముందు ఉండాలంటే 4:35 పడవ అయినా కావాలి. ఫ్లైట్ పది నిమిషాలు లేటైతే చాలు, టెన్షన్ మొదలవుతుంది.

మ్యాప్ యాప్‌లో రోడ్డు టైము చూసేటప్పుడు మీరు రోడ్డు మీద ఉండే గంటను, ఆ వారాన్ని పెట్టి చూడండి. అర్ధరాత్రి ఇంట్లో కూర్చుని చూస్తే ఖాళీ రోడ్డు టైము వస్తుంది. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఎయిర్‌పోర్టు ఉత్తరాన ఉంటే, ఫి ఫి దీవులకు వెళ్లే రస్సాడా రేవు ఫుకెట్ టౌన్ పక్కన ఉంది. దూరం సుమారు 35 కిలోమీటర్లే అయినా పగటిపూట గంట పడుతుంది. అదే ఫి ఫికి క్రాబి వైపు నుంచి వెళ్తే, ఎయిర్‌పోర్టు నుంచి ఖ్లోంగ్ జిలాడ్ రేవు దాదాపు అందులో సగమే. పడవలో పట్టే సమయం రెండు వైపులా ఇంచుమించు ఒకటే కాబట్టి, పగలు త్వరగా దిగలేనివాళ్లకు క్రాబి మేలని నా అభిప్రాయం. ఫుకెట్‌కు ఫ్లైట్లు ఎక్కువ, అది వేరే లాభం.

వేరే దారి: ఏ ఫ్లైటూ లెక్కకు కుదరకపోతే దారి మార్చక్కర్లేదు. సాయంత్రం ఫ్లైట్‌లో దిగి, రేవు ఉన్న ఊళ్లో రాత్రి పడుకుని, పొద్దున్నే మొదటి పడవ ఎక్కండి. ఓడిపోయినట్టు అనుకోకండి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు నేను కావాలనే ఇలా చేస్తాను. సముద్రం కూడా చాలాచోట్ల పొద్దున పూట నెమ్మదిగా ఉంటుంది. హోటల్ మాత్రం ఎయిర్‌పోర్టు పక్కన కాదు, రేవు పక్కన తీసుకోండి.

ఒకటే ఎయిర్‌పోర్టు ఉన్న దీవులకూ ఈ మెట్టు తప్పదు. అండమాన్‌లో హేవ్‌లాక్‌కు, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కు, పోర్ట్ బ్లెయిర్ తప్ప వేరే ఎయిర్‌పోర్టు లేదు. ఆ ఊరి పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడ ఎంచుకోవాల్సింది ఎయిర్‌పోర్టును కాదు, ఫ్లైట్ దిగే టైమును. పొద్దున దిగితే అదే రోజు పడవ, మధ్యాహ్నం దిగితే ఆ రాత్రి అక్కడే.

5. ఆ నెలలో సముద్రం ఎలా ఉంటుందో చూసి రేవులను ఏరండి

లెక్కలన్నీ కుదిరినా గాలి లేచిన రోజు పడవ కదలదు. మీరు వెళ్లే నెల ఆ సముద్రానికి ఎలాంటిదో తెలుసుకోండి. గ్రీస్ దగ్గర ఏజియన్ సముద్రంలో జూలై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది, ఎండ కాస్తూనే పడవలు ఆగిపోతాయి. థాయ్‌లాండ్‌లో ఫి ఫి ఉన్న అండమాన్ వైపు మే నుంచి అక్టోబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, కో టావ్ ఉన్న గల్ఫ్ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మలేషియాలో పెర్హెన్షియన్ దీవుల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వర్షాకాలం, హోటళ్లు చాలావరకు మూసేస్తారు.

గాలి ఉన్న నెలలో రెండు సూత్రాలు. ఒకటి, నీళ్ల మీద ప్రయాణం తక్కువ ఉండే రేవును ఎంచుకోండి. ఇండోనేషియాలో గిలి దీవులకు బాలి నుంచి ఫాస్ట్ బోట్‌లో వెళ్తే లాంబాక్ జలసంధిని అడ్డంగా దాటాలి, అక్కడ అలలు పెద్దవి. లాంబాక్ ఎయిర్‌పోర్టులో దిగితే రోడ్డు మీద రెండు గంటలు పట్టినా, బంగ్‌సాల్ రేవు నుంచి పడవ కొద్దిసేపే. కడుపులో తిప్పేవాళ్లకు ఈ దారే నయం. రెండు, పెద్ద ఓడ నడిచే రేవును ఎంచుకోండి. గాలి పెరిగితే ముందు ఆగేది చిన్న ఫాస్ట్ బోట్లు, కాటమరాన్‌లు. నెమ్మదిగా నడిచే పెద్ద ఫెర్రీలు ఇంకొంచెం సేపు తట్టుకుంటాయి.

ఆటుపోట్లు కూడా చూడండి. మెర్సింగ్ లాంటి లోతు తక్కువ రేవుల్లో పోటు ఉన్నప్పుడే పడవ కదులుతుంది, కాబట్టి టైములు రోజురోజుకూ మారతాయి. నిన్నటి టైముతో రేపటి ప్లాన్ వేస్తే అక్కడ దెబ్బ తింటారు.

6. మిగిలిన దారులకు మొత్తం ఖర్చు వేయండి

ఇప్పుడు ఫ్లైట్ సైటు తెరవండి. ఒక్కో దారికీ ఇవన్నీ కలపండి: ఫ్లైట్, లగేజీ చార్జీ, రేవుకు బండి, ఫెర్రీ టికెట్, అవసరమైతే మధ్యలో ఒక రాత్రి. కో టావ్ విషయంలో సూరత్ థాని ఫ్లైట్ సాధారణంగా సముయి కంటే బాగా చవక. కానీ సూరత్ థానిలో దిగితే డాన్‌సక్ రేవుకు గంటకు పైగా బస్సు, తర్వాత పడవ సముయి, కో ఫంగన్ ఆగుతూ కో టావ్ చేరుతుంది. పగలంతా అందులోనే పోతుంది. ఇద్దరు యువకులు వెళ్తుంటే నేను సూరత్ థాని అంటాను. చంటిబిడ్డతో వెళ్తుంటే సముయి అంటాను.

7. టికెట్లు కొనే వరస

ముందు ఫెర్రీ ఆ రోజు నడుస్తుందని రూఢి చేసుకోండి, తర్వాత ఫ్లైట్ కొనండి, ఆ వెంటనే ఫెర్రీ టికెట్ కొనండి. మీరు వెళ్లే సీజన్ టైమ్‌టేబుల్ ఇంకా రాకపోతే పోయినేడాది టైములు చూసి అంచనా వేసుకోవచ్చు, కానీ మార్చుకునే వీలున్న ఫ్లైట్ టికెట్టే తీసుకోండి.

ఫ్లైట్, ఫెర్రీ విడివిడిగా కొంటే ఒకటి లేటైనందుకు ఇంకొకటి బాధ్యత తీసుకోదు. కొన్నిచోట్ల విమాన సంస్థలు ఫ్లైట్, బస్సు, పడవ కలిపి ఒకే టికెట్‌గా అమ్ముతాయి. అలాంటిది దొరికితే, లేటైతే తర్వాతి పడవలో ఎక్కిస్తారా అని షరతుల్లో చదివి తీసుకోండి. ప్రయాణ బీమా ఉంటే అందులో తప్పిన పడవకు డబ్బు వస్తుందో లేదో చూడండి. కొన్ని పాలసీలు ఫ్లైట్‌ను మాత్రమే కనెక్షన్‌గా లెక్కేస్తాయి.

8. తిరుగు ప్రయాణం విడిగా లెక్క వేయండి

ఏరు దాటాక తెప్ప తగలేయడం ఇక్కడ కుదరదు, వెనక్కి రావడానికీ అదే తెప్ప కావాలి. దీవికి వెళ్లేటప్పుడు పడవ తప్పితే ఒక రాత్రి పోతుంది. దీవి నుంచి తిరిగి వచ్చేటప్పుడు తప్పితే విదేశీ ఫ్లైటే పోతుంది. అందుకే దూరప్రాంతపు ఫ్లైట్ ఉన్న రోజు పొద్దున దీవిలో ఉండకండి. ముందురోజే ఒడ్డు చేరి, ఎయిర్‌పోర్టు ఉన్న ఊళ్లో ఆ రాత్రి గడపండి. గాలి నెలల్లో దీన్ని సలహాగా కాదు, నియమంగా తీసుకోండి.

వచ్చిన ఎయిర్‌పోర్టు నుంచే తిరిగి వెళ్లాలని కూడా లేదు. క్రాబిలో దిగి ఫి ఫి చూసి ఫుకెట్ నుంచి ఎగిరిపోవచ్చు. ఫ్లైట్ సైటులో "మల్టీ సిటీ" నొక్కి చూడండి.

స్కూబా డైవింగ్ చేస్తే ఇంకో లెక్క ఉంది. వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్లు ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. మీ ఆఖరి డైవ్ టైముకు ఎదురుగా ఇది రాసుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఆదివారం, పండగ రోజు టైమ్‌టేబుల్ వేరుగా ఉంటుందని మర్చిపోవడం. వారం మధ్యలో ఆరు పడవలున్న దారికి ఆదివారం రెండే ఉండవచ్చు.

రేవు పేరు చూసి గేటు చూడకపోవడం. పిరేయస్‌లో ఈ1, ఈ2 అంటూ గేట్లు రేవు చుట్టూ పరుచుకుని ఉంటాయి. తప్పు గేటు దగ్గర టాక్సీ దిగి పెట్టెలు లాక్కుంటూ వెళ్లేలోపు పడవ వెళ్లిపోతుంది. టికెట్ మీద గేటు నంబరు చూసి అదే డ్రైవర్‌కు చెప్పండి.

ఎయిర్‌పోర్టులో అద్దె కారు తీసుకుని దీవికి పట్టుకెళ్దామనుకోవడం. చాలా సంస్థలు ముందస్తు అనుమతి లేకుండా కారును ఫెర్రీ ఎక్కించనివ్వవు. గ్రీస్‌లోని హైడ్రా, ఇండోనేషియాలోని గిలి లాంటి దీవుల్లో కార్లే ఉండవు.

పెద్ద చక్రాల సూట్‌కేస్. చిన్న దీవుల్లో ఒక్కోచోట జెట్టీ ఉండదు, ఇసుక ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో దిగాలి. పాస్‌పోర్టు, మందులు, ఫోన్ భుజానికి తగిలించుకునే సంచిలో పెట్టుకోండి, పెట్టె చేతులు మారుతూ ఒడ్డుకు వస్తుంది.

అనుమతులు మర్చిపోవడం. లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి ఓడలో వెళ్లినా, ఆగత్తికి ఫ్లైట్‌లో వెళ్లినా బయటివాళ్లకు ముందుగా ప్రవేశ అనుమతి కావాలి. ఎయిర్‌పోర్టు ఎంపిక దాని తర్వాతి మాట.

సరిగ్గా ఎంచుకున్నామా అని చూసుకోవడం ఎలా?

డబ్బు కట్టకముందే కాగితం ముందు పెట్టుకుని ఈ నాలుగూ అడగండి.

ఫ్లైట్ రెండు గంటలు లేటైతే ఆ రోజే దీవి చేరతానా? ఆఖరి పడవ కూడా తప్పితే ఆ రేవు ఊళ్లో పడుకోవడానికి చోటుందా? ఆ రోజు సముద్రం బాగోలేక పడవలు రద్దయితే మర్నాటి ప్లాన్ ఏమిటి? దీవి రేవులో దిగాక హోటల్ దాకా ఎలా వెళ్తాను?

నాలుగింటికీ ఒక్కో వాక్యంలో జవాబు రాయగలిగితే ఎయిర్‌పోర్టు కుదిరినట్టే. మొదటిదానికి "లేదు" అని వచ్చినా పర్లేదు, రెండోదానికి "ఉంది" అని ఉండాలి. రెండూ లేకపోతే జాబితాలో తర్వాతి దారికి వెళ్లండి.

ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం ఒకసారి ఫెర్రీ సంస్థ సైటు చూడండి. టైము మారిందన్న మెసేజ్ టికెట్ కొన్నప్పుడు ఇచ్చిన నంబరుకే వస్తుంది, కాబట్టి విదేశంలో పనిచేసే నంబరో, మీరు రోజూ చూసే ఈమెయిలో ఇవ్వండి. టైమ్‌టేబుల్‌నూ టికెట్‌నూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేవులో సిగ్నల్ దొరకని చోట అవి పనికొస్తాయి.